ర్యామ్ డిస్క్ పెడితే ఫొటోషాప్ పరిగెడుతుందా?

ముందు మీ ప్రశ్నని కుదించి రాస్తాను, తర్వాత చదివేవాళ్లకి సంగతి తెలియాలి కదా. ఇంట్లో అసెంబుల్డ్ డెస్క్‌టాప్. పదో తరం ఐ5, 16 జీబీ ర్యామ్, విండోస్ 11 ఉన్న 256 జీబీ సాటా ఎస్ఎస్‌డీ, డేటాకి 1 టీబీ హార్డ్ డిస్క్. మీ పని పెళ్లి ఆల్బమ్‌ల డిజైనింగ్. అంటే రోజంతా ఫొటోషాప్, పక్కన క్రోమ్. ఎవరో వీడియోలో ర్యామ్ డిస్క్ వేగం ఎస్ఎస్‌డీకి పదిహేను రెట్లని కొలిచి చూపించారు. ఉన్న ర్యామ్‌లో 6 జీబీ తీసి డిస్క్‌లా మార్చి, టెంప్ ఫోల్డరు, క్రోమ్ క్యాష్, ఫొటోషాప్ స్క్రాచ్ డిస్క్ అన్నీ అందులోకి మారిస్తే సిస్టమ్ పరిగెడుతుందా అని అడిగారు.

పరిగెత్తదు. మీ పనికైతే ఇప్పటికన్నా నెమ్మదించే అవకాశమే ఎక్కువ.

ఆ వీడియోలో అంకె అబద్ధమని అనను. అది డిస్క్ వేగం కొలిచే క్రిస్టల్‌డిస్క్‌మార్క్‌తో తీసిన కొలతే అయ్యుంటుంది. సాటా ఎస్ఎస్‌డీ సెకనుకు 550 ఎంబీ దగ్గర ఆగిపోతుంది, ర్యామ్ డిస్క్ ఎనిమిది వేలో తొమ్మిది వేలో చూపిస్తుంది. రెండూ నిజమే. కానీ ఆ ప్రోగ్రాం కొలిచేటప్పుడు విండోస్ క్యాష్‌ని కావాలనే పక్కకి నెట్టి నేరుగా డిస్క్‌తో మాట్లాడుతుంది. డిస్క్ అసలు సత్తా తెలియాలంటే అలాగే కొలవాలి, అందులో తప్పు లేదు. మనం రోజూ చేసే పనిలో మాత్రం ప్రోగ్రాంకీ డిస్క్‌కీ మధ్య ఆ క్యాష్ ఎప్పుడూ నిలబడే ఉంటుంది. అంటే వీడియోలో పోటీ జరిగింది ర్యామ్‌కీ, ర్యామ్ తోడు లేకుండా చేసిన ఎస్ఎస్‌డీకీ మధ్య. మీ ఇంట్లో ఎస్ఎస్‌డీ ఒంటరిగా పనిచెయ్యదు.

ఈ క్యాష్ సంగతి అర్థమైతే మిగతాదంతా తేలిపోతుంది. మా ఇంట్లో సరుకులన్నీ అటక మీద డబ్బాల్లో ఉంటాయి. రోజూ కావలసిన ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి పోపులపెట్టెలో, పొయ్యి పక్కనే. నిన్న పులిహోర చేసి ఉంటే చింతపండు డబ్బా ఇవాళ కూడా గట్టు మీదే కనబడుతుంది, మళ్లీ కావలసి వస్తుందేమోనని అమ్మ దాన్ని తీయదు. గట్టు మీద చోటు చాలనప్పుడు మాత్రం ముందు ఆ డబ్బానే లోపల పెట్టేస్తుంది. విండోస్ చేసేది కూడా ఇదే. డిస్క్ నుంచి ఒకసారి చదివిన ఫైలుని ర్యామ్‌లో అలాగే ఉంచుకుంటుంది. మళ్లీ అడిగితే డిస్క్ జోలికి వెళ్లకుండా అక్కణ్ణుంచే ఇస్తుంది. ఏ ప్రోగ్రాంకైనా ర్యామ్ కావలసి వస్తే ఆ జాగాని క్షణంలో వదిలేస్తుంది. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, మెమరీ అని నొక్కితే కింద ‘క్యాష్డ్’ అని కనబడే అంకె ఇదే. రిసోర్స్ మానిటర్‌లో నీలం రంగులో ‘స్టాండ్‌బై’ అని చూపించేది కూడా చాలావరకు ఇదే. విస్టా వచ్చిన 2007 నుంచి విండోస్ ఇంకో అడుగు ముందుకేసి, మీరు రోజూ వాడే ప్రోగ్రాంలని ముందే ఊహించి ర్యామ్‌లోకి తెచ్చి పెడుతోంది. అప్పుడు దాని పేరు సూపర్‌ఫెచ్, ఇప్పుడు సర్వీసుల జాబితాలో సిస్‌మెయిన్ అని ఉంటుంది.

ఇక ర్యామ్ డిస్క్ అంటే ఆ గట్టులో మూడోవంతుకి అడ్డంగా చెక్క కొట్టించి, ‘ఇక్కడ చింతపండు తప్ప ఇంకేదీ పెట్టకూడదు’ అని అమ్మకి చెప్పడం. చింతపండు వేగంగానే దొరుకుతుంది, కాదనను. మిగతా వంట సంగతే ఆలోచించాలి.

నా మాట నమ్మక్కర్లేదు, పది నిమిషాల్లో మీరే చూసుకోండి. సిస్టమ్ రీస్టార్ట్ చేసి రెండు నిమిషాలు ఆగండి, లోపలి హడావుడి సద్దుమణగాలి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి ఫొటోషాప్ తెరవండి, అందులో ఒక పెద్ద ఆల్బమ్ షీటు తెరవండి. టైము రాసుకోండి. అన్నీ మూసేసి, రీస్టార్ట్ చెయ్యకుండా అదే పని మళ్లీ చేసి మళ్లీ టైము రాసుకోండి. మొదటిసారి ఆ ఫైళ్లు డిస్క్ నుంచి వచ్చాయి, రెండోసారి దాదాపు అన్నీ ర్యామ్ నుంచి వచ్చాయి. ఫొటోషాప్ మొత్తాన్నీ ర్యామ్ డిస్క్‌లో ఇన్‌స్టాల్ చేసినా మీకు దక్కే గరిష్ఠ వేగం ఆ రెండో అంకె దగ్గరే ఆగుతుంది. ఆ వేగం మీకు ఇప్పటికే ఉచితంగా వస్తోంది.

మరి మొదటిసారి పట్టే ఆలస్యం? దానికీ ర్యామ్ డిస్క్ మందు కాదు. కంప్యూటర్ ఆపితే ర్యామ్ ఖాళీ. ఉదయం ఆన్ చెయ్యగానే దాన్ని నింపాలంటే ఎస్ఎస్‌డీ నుంచో హార్డ్ డిస్క్ నుంచో చదవక తప్పదు. 6 జీబీ ఇమేజ్‌ని సెకనుకు 120 ఎంబీ ఇచ్చే హార్డ్ డిస్క్ నుంచి తెస్తే 50 సెకన్లు, సాటా ఎస్ఎస్‌డీ నుంచి అయితే 12 సెకన్ల దాకా పడుతుంది. అందులో ఆ రోజు మీకు అక్కర్లేని ఫైళ్లు కూడా ఉంటాయి. ఆపేటప్పుడు మళ్లీ అంతా తిరిగి రాయాలి. ఫొటోషాప్ దగ్గర తప్పించుకున్న ఆలస్యం బూటింగ్ దగ్గర ఎదురొస్తుంది. రామేశ్వరం వెళ్లినా శనేశ్వరం వదలలేదంటారే, అదే సామెత.

రెండో అంకె కూడా సున్నా కాలేదని గమనించే ఉంటారు. అన్నీ ర్యామ్‌లోనే ఉన్నా ఫొటోషాప్ తెరుచుకోడానికి కొన్ని సెకన్లు పట్టింది. ఆ సెకన్లు ప్రాసెసర్‌వి. ప్లగిన్లు లోడ్ చెయ్యాలి, ఫాంట్ల జాబితా తయారు చెయ్యాలి. ఆల్బమ్ డిజైనర్ల సిస్టమ్‌లు చాలా చూశాను. తెలుగు ఫాంట్లు ఒక మూట, స్టైలిష్ ఇంగ్లిష్ ఫాంట్లు ఇంకో మూట, ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన వెయ్యి ఫాంట్లు ఒకే దెబ్బకి ఇన్‌స్టాల్ అయ్యుంటాయి. నిజంగా వాడేవి ఇరవై ఉంటాయో లేదో. మిగతావి తీసి ఒక ఫోల్డర్లో దాచుకోండి. ఇది పైసా ఖర్చు లేని వైద్యం, ర్యామ్ డిస్క్ కన్నా ముందు ఇది చెయ్యండి.

హార్డ్ డిస్క్ నుంచి ఎస్ఎస్‌డీకి మారిన రోజు మీకు గుర్తుండే ఉంటుంది, కంప్యూటర్ కొత్తది కొన్నట్టనిపించి ఉంటుంది. ఎస్ఎస్‌డీ నుంచి ర్యామ్‌కి మారితే అలాంటి సంబరం ఇంకోసారి దక్కుతుందని చాలామంది అనుకుంటారు. లెక్క చూడండి. హార్డ్ డిస్క్‌లో ఎక్కడో ఉన్న ఒక చిన్న ముక్క చదవాలంటే లోపలి ముల్లు జరగాలి, పళ్లెం తిరిగి రావాలి. సుమారు 10 మిల్లీసెకన్లు. అలాంటి చదువులు వెయ్యి ఉంటే 10 సెకన్లు. ఎస్ఎస్‌డీలో ఒక్కో చదువుకి ఒక మిల్లీసెకనులో పదోవంతు, వెయ్యి చదువులకి 0.1 సెకను. అంటే మొదటి మార్పులో మీకు 9.9 సెకన్లు మిగిలాయి. ర్యామ్ దానికన్నా ఇంకో వెయ్యి రెట్లు చురుకే, ఒప్పుకుంటాను. కానీ ఇక మిగల్చడానికి ఉన్నదే 0.1 సెకను. ఎన్ని రెట్లు వేగం పెంచినా అంతకు మించి తగ్గించలేం.

ఇప్పుడు అసలు సంగతి, ఫొటోషాప్.

12×36 అంగుళాల షీటు 300 డీపీఐలో అంటే 3600×10800, దాదాపు 3.9 కోట్ల పిక్సెళ్లు. ఒక్కో పిక్సెల్‌కి 3 బైట్లు. షీటంతా పరుచుకున్న ఒక్క లేయరు మెమరీలో 117 ఎంబీ తింటుంది. అలాంటివి 15 ఉంటే 1.75 జీబీ. దీనిమీద హిస్టరీ, అంటే మీరు వెనక్కి వెళ్లడానికి ఫొటోషాప్ దాచుకునే పాత స్థితులు. దానిమీద స్మార్ట్ ఆబ్జెక్టులుగా పెట్టిన ఒరిజినల్ ఫొటోలు. 24 మెగాపిక్సెళ్ల కెమెరా ఫొటో ఒక్కటి విప్పితే 72 ఎంబీ. నాలుగు షీట్లు ఒకేసారి తెరిచి పెట్టుకునే అలవాటు ఉంటే 16 జీబీ ఎలా ఆవిరవుతుందో వేరే చెప్పక్కర్లేదు. అప్పుడు ఫొటోషాప్ చోటు చాలక మిగిలిన దాన్ని స్క్రాచ్ డిస్క్ మీదికి నెడుతుంది. స్క్రాచ్ అంటే మరేమీ కాదు, ర్యామ్‌లో పట్టనిది పెట్టుకునే జాగా.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. ర్యామ్ చాలక స్క్రాచ్ అవసరమైంది. ఆ స్క్రాచ్ కోసం ర్యామ్‌లోంచే 6 జీబీ తీస్తున్నారు. దాంతో ఫొటోషాప్‌కి ర్యామ్ ఇంకా తగ్గి, ఇంకా త్వరగా, ఇంకా ఎక్కువగా స్క్రాచ్‌కి నెడుతుంది. చొక్కా జేబులో డబ్బు తీసి ప్యాంటు జేబులో వేసుకున్నంత మాత్రాన ఆదాయం రాదు. పైగా జేబు మార్చినప్పుడల్లా కాస్త చిల్లర కింద పడుతుంది. నేరుగా మెమరీలో ఉన్న లేయరుని ముట్టుకోవడానికీ, అదే లేయరుని ఫైలులా రాసి, ఫైల్ సిస్టమ్ ద్వారా తిరిగి చదవడానికీ చాలా తేడా ఉంది. అన్నిటికన్నా ముఖ్యం, 6 జీబీ స్క్రాచ్ మీ పనికి చాలదు. ‘స్క్రాచ్ డిస్క్స్ ఆర్ ఫుల్’ అనే బాక్సు మీ వృత్తిలో చూడనివాళ్లు ఉండరు. ర్యామ్ డిస్క్ మీద అది రోజూ పలకరిస్తుంది.

ఆ 6 జీబీని ఫొటోషాప్‌కే ఇవ్వండి. ప్రిఫరెన్సెస్‌లో పెర్ఫార్మెన్స్ అనే చోట ఎంత ర్యామ్ వాడుకోవాలో చెప్పే గీత ఉంటుంది, మామూలుగా 70 శాతం దగ్గర ఉంటుంది. క్రోమ్ మూసి పనిచేసేవాళ్లయితే ఇంకొంచెం పెంచుకోవచ్చు. 90 దాటించకండి, విండోస్ ఊపిరాడక మొత్తం సిస్టమ్‌ని లాగేస్తుంది.

డిస్క్ వల్లే నెమ్మదిస్తోందా కాదా అన్నది తెలుసుకోడానికి ఫొటోషాప్‌లోనే ఒక కొలత ఉంది, ఎందుకో చాలామంది దాని వంక చూడరు. కిటికీ అడుగున ఎడమవైపు డాక్యుమెంట్ సైజు చూపించే చోట చిన్న బాణం గుర్తు ఉంటుంది. అది నొక్కి ‘ఎఫిషియెన్సీ’ ఎంచుకోండి. పని చేస్తున్నంతసేపూ ఆ అంకె 100 శాతం ఉంటే స్క్రాచ్ అసలు వాడటం లేదన్నమాట. అప్పుడు స్క్రాచ్‌ని బంగారు పళ్లెంలో పెట్టినా మీకు ఒరిగేదేమీ ఉండదు. అంకె తరచూ 100 కన్నా దిగి, 80కో 70కో పడిపోతుంటే ర్యామ్ చాలడం లేదు. అప్పుడు చేయవలసింది ర్యామ్ పెంచడం, స్క్రాచ్‌ని హార్డ్ డిస్క్ నుంచి తప్పించి ఎస్ఎస్‌డీ మీద పెట్టడం. మీ 256 జీబీలో ఖాళీ ఎంతుందో మీరు రాయలేదు. పదో పన్నెండో జీబీ మిగిలి ఉందంటే మీ రోగం అక్కడే దొరికినట్టు.

సేవ్ కొట్టినప్పుడు నిమిషం పడుతోందని కూడా రాశారు. దాన్ని డిస్క్ మీదికి నెట్టకండి. పీఎస్‌డీ ఫైలుని రాసేముందు ఫొటోషాప్ కుదిస్తుంది, ఆ కుదించే పని ప్రాసెసర్‌ది. సేవ్ నడుస్తుండగా టాస్క్ మేనేజర్‌లో డిస్క్ గ్రాఫు చూడండి. అది నేలమీద పాకుతుంటే డిస్క్ ఖాళీగా కూచుని ప్రాసెసర్ కోసం ఎదురు చూస్తోందని అర్థం. ప్రిఫరెన్సెస్‌లో ఫైల్ హ్యాండ్లింగ్ కింద పీఎస్‌డీ, పీఎస్‌బీ ఫైళ్ల కంప్రెషన్ ఆపే టిక్కు ఉంది. పెడితే ఫైలు లావెక్కుతుంది కానీ సేవ్ త్వరగా అవుతుంది. లావైన ఫైలుని హార్డ్ డిస్క్ మీదికి సేవ్ చేస్తే మాత్రం ఇక్కడ మిగిలింది అక్కడ పోతుంది. కాబట్టి నడుస్తున్న పెళ్లి తాలూకు ఫోల్డరు ఎస్ఎస్‌డీలో, డెలివరీ అయిపోయినవి హార్డ్ డిస్క్‌లో అని అలవాటు చేసుకోండి. ర్యామ్ డిస్క్‌తో మీరు ఆశించిన దాంట్లో సింహభాగం ఈ ఒక్క అలవాటుతోనే వస్తుంది.

మిగతా రెండూ త్వరగా తేల్చేస్తాను. క్రోమ్ క్యాష్: ఇన్‌కాగ్నిటో విండోలో క్రోమ్ తన క్యాష్‌ని డిస్క్ మీద కాకుండా ర్యామ్‌లోనే పెట్టుకుంటుంది. మీరు ఇన్‌కాగ్నిటో ఎన్నిసార్లు వాడి ఉంటారు? ‘అబ్బ, ఎంత వేగం’ అని ఒక్కసారైనా అనిపించిందా? పేజీ ఆలస్యం ఇంటర్నెట్‌ది, పేజీలోని జావాస్క్రిప్ట్‌ది. పైగా ర్యామ్ డిస్క్‌లోని క్యాష్ రోజూ రాత్రి చెరిగిపోతుంది, పొద్దున్నే అవే బొమ్మలు మళ్లీ డౌన్‌లోడ్ అవుతాయి. ఫోన్ హాట్‌స్పాట్ మీద పనిచేసే రోజైతే డేటా దండగ.

టెంప్ ఫోల్డరు: కాసేపు వాడి పారేసే ఫైలు అని ముందే చెప్పి తెరిచే వీలు ప్రోగ్రాంలకి విండోస్‌లో ఉంది. అలా తెరిచిన ఫైలుని, ర్యామ్‌లో చోటు ఉన్నంతవరకు, డిస్క్ మీదికి రాయకుండానే ఉంచడానికి విండోస్ చూస్తుంది. అంటే అక్కడా మీరు చెయ్యాలనుకున్నది కొంత అదే చేస్తోంది. కానీ టెంప్‌ని 2 జీబీ ర్యామ్ డిస్క్‌లోకి మార్చాక ఏదో పెద్ద సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చెయ్యబోతే, అది 5 జీబీ విప్పుకోబోయి చోటు లేదని ఆగిపోతుంది. ఇంకొన్ని ఇన్‌స్టాలర్లు సగం పని చేసి రీస్టార్ట్ అడుగుతాయి, లేచి చూస్తే టెంప్‌లో దాచుకున్న మిగతా సగం ఉండదు. నా దగ్గరికి ‘అప్‌డేట్ అవ్వట్లేదు సార్’ అని వచ్చిన ఒక సిస్టమ్‌లో కారణం కనుక్కోడానికి సగం రోజు పట్టింది. టెంప్ ర్యామ్ డిస్క్‌లో ఉందన్న సంగతి దాని యజమానే మర్చిపోయాడు.

పేజ్ ఫైలుని ర్యామ్ డిస్క్‌లో పెట్టమని కూడా కొందరు సలహా ఇస్తుంటారు. ర్యామ్ నిండితే పక్కన పెట్టుకునే ఫైలుని ఆ నిండిన ర్యామ్‌లోనే పెట్టడం! దీని గురించి ఇంతకన్నా రాయను.

ఇంకో మెలిక ఉంది. విండోస్ దృష్టిలో ర్యామ్ డిస్క్ కూడా ఒక డిస్కే. అందులోంచి చదివిన ఫైలుని కూడా అది అలవాటు ప్రకారం తన క్యాష్‌లోకి ఇంకో కాపీ తీసుకుంటుంది. ఒకే ఫైలు ర్యామ్‌లో రెండు చోట్ల. లైనక్స్‌లో ర్యామ్ డిస్క్‌లా వాడే టీఎంపీఎఫ్‌ఎస్‌కి ఈ జబ్బు లేదు, అది క్యాష్‌లోనే కాపురం ఉంటుంది. వాడినంత మేరే పెరుగుతుంది, ఖాళీ అయితే తగ్గుతుంది, ర్యామ్ మరీ ఇరుకైతే స్వాప్‌కి, అంటే డిస్క్ మీది జాగాకి కూడా వెళ్తుంది. అందుకే లైనక్స్‌వాళ్లు దాన్ని నిశ్చింతగా వాడతారు. లైనక్స్ రకాల్లో ఫెడోరా ఎప్పుడో టెంప్ ఫోల్డరుని అందులో పెట్టింది, డెబియన్ 2025లో వచ్చిన 13వ వెర్షన్‌తో అదే దారి పట్టింది. లైనక్స్ వాడే మిత్రుడు ‘నాకు బాగా పనిచేస్తోంది’ అంటే అతను చెప్పేది నిజమే. కాకపోతే అతను వాడేదీ మీరు పెట్టబోయేదీ ఒకటి కాదు.

ఎస్ఎస్‌డీ అరిగిపోతుందన్న భయంతో కూడా కొందరు దీనివైపు వస్తారు. సామ్‌సంగ్ 860 ఇవో 500 జీబీకి కంపెనీ ఇచ్చిన హామీ 300 టీబీ రాతలు. రోజుకి 40 జీబీ రాశారనుకోండి, ఏడాదికి 14.6 టీబీ, హామీ పూర్తవడానికి ఇరవై ఏళ్లు. ఈలోగా మీరు మూడు కంప్యూటర్లు మారుస్తారు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో టోటల్ హోస్ట్ రైట్స్ అనే అంకె చూసుకుంటే మీ డిస్క్‌కి ఇప్పటిదాకా ఎంత పని పడిందో తెలిసిపోతుంది.

మరి ఈ ర్యామ్ డిస్క్‌కి ఇంత పేరెలా వచ్చిందంటే, ఒకప్పుడు అది నిజంగానే పనికొచ్చింది. డాస్ రోజుల్లో ఫ్లాపీ మీద నడిచే ప్రోగ్రాంని ర్యామ్‌లోకి ఎత్తితే నేల మీంచి ఆకాశానికి వెళ్లినట్టుండేది. విండోస్ 98 స్టార్టప్ ఫ్లాపీతో బూట్ చేసినవాళ్లకి గుర్తుంటుంది, అది ర్యామ్‌లో ఒక చిన్న డ్రైవ్ సృష్టించి పనిముట్లన్నీ అందులో విప్పుకునేది. దాంతో సీడీ డ్రైవ్ అక్షరం ఒకటి జరిగి డీ కాస్తా ఈ అయ్యేది, కొత్తగా సర్వీసింగ్ నేర్చుకునే కుర్రాళ్లు సీడీ ఎక్కడ పోయిందని వెతుక్కునేవాళ్లు. 2005లో గిగాబైట్ కంపెనీ ఐ-ర్యామ్ అని ఒక కార్డే తెచ్చింది. నాలుగు ర్యామ్ స్టిక్కులు గుచ్చి 4 జీబీ డిస్క్‌లా వాడుకోవచ్చు, కరెంటు పోతే కొన్ని గంటలు కాపాడే బ్యాటరీ కూడా దానికే ఉండేది. ఎస్ఎస్‌డీలు వచ్చాక దాని అవసరం తీరిపోయింది.

నేనూ ఒకప్పుడు ఈ ముచ్చట తీర్చుకున్నవాణ్ణే. 2008 ప్రాంతంలో డీటీపీ సెంటర్లకి సిస్టమ్‌లు చూసేవాణ్ణి. 32 బిట్ ఎక్స్‌పీలో 4 జీబీ గుచ్చినా మూడుంపావు దాకే కనబడేది, మిగతా ముప్పావు దండగ. ఆ కనబడని భాగాన్ని డిస్క్‌గా మార్చే డ్రైవర్ ఒకటి దొరికింది. విండోస్ వాడుకోలేని ర్యామ్ కాబట్టి అది పూర్తిగా లాభమే, ఆ ఒక్క సందర్భంలో ర్యామ్ డిస్క్‌ని ఇప్పటికీ సమర్థిస్తాను. టెంప్ పెట్టాను, బాగానే నడిచింది. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆపరేటర్ ముచ్చటపడుతున్నాడని నడుస్తున్న ఫైళ్ల ఫోల్డరు కూడా అందులోకి మార్చాను. మే నెల, ముహూర్తాల కాలం, మధ్యాహ్నం మూడింటికి కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ అప్పటికే చచ్చి ఉందని ఆ క్షణానే తెలిసింది. ఉదయం నుంచి కంపోజ్ చేసిన మూడు శుభలేఖలు పోయాయి. రెండుసార్లు ప్రూఫ్ దిద్దించుకుని వెళ్లిన పెళ్లికూతురి మేనమామ సాయంత్రం ప్రింటు కోసం వచ్చి నిలబడితే ఆ సెంటరాయన నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. రాత్రి పదకొండు దాకా పక్కన కూచుని చదివి వినిపించాను, ఆపరేటర్ మళ్లీ కొట్టాడు.

అందుకని ర్యామ్ డిస్క్‌కి నేను పెట్టుకున్న నియమం ఒకటే. పోయినా ఏడుపు రానిదే అందులో ఉండాలి.

ఆ నియమానికి సరిపోయే పనులు ఇళ్లలోనూ కొన్ని ఉన్నాయి. రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతి కంప్యూటర్‌లో మెమరీ కార్డు మీద నిరంతరం లాగ్‌లు రాస్తూ పోతే కార్డు త్వరగా పాడవుతుంది, ఆ లాగ్‌లని టీఎంపీఎఫ్‌ఎస్‌లోకి మారిస్తే దాని ఆయుష్షు పెరుగుతుంది. ఇంటి సీసీ కెమెరాలకి ఫ్రిగేట్ లాంటి సాఫ్ట్‌వేర్ నడిపేవాళ్లు, నిమిషాల్లో చెరిపేసే వీడియో ముక్కల కోసం ఒక జీబీ ర్యామ్ కేటాయిస్తారు, అదీ సబబే. ప్రోగ్రామింగ్ చేసేవాళ్లలో డేటాబేస్ పరీక్షలు పదేపదే నడిపేవాళ్లకి కూడా తేడా బాగా కనబడుతుంది. డేటాబేస్ ప్రతి రాతకీ ‘డిస్క్ మీద పడిందని ఖాయం చెయ్యి’ అని పట్టుబడుతుంది, అక్కడ విండోస్ క్యాష్ గానీ లైనక్స్ క్యాష్ గానీ ఆ ఎదురుచూపుని తప్పించలేవు. పరీక్ష డేటా పోయినా బాధ లేదు కాబట్టి ర్యామ్ డిస్క్ సరైన చోటు. ఎవరివో గుర్తింపు కార్డుల స్కాన్లు కాసేపు తెరిచి పని చూసుకుని చెరిపెయ్యడానికి వాడేవాళ్లూ ఉన్నారు. అయితే కంప్యూటర్ హైబర్నేట్ అయితే ర్యామ్ మొత్తం డిస్క్ మీదికి వెళ్తుంది, ర్యామ్ డిస్క్‌లో దాచింది కూడా. అది గుర్తుంచుకోవాలి.

ఇదంతా విన్నాక కూడా సరదాకి పెట్టి చూడాలనుంటే ఇమ్‌డిస్క్ ఉచితంగా దొరుకుతుంది. 1 జీబీ దాటకండి. ఆపేటప్పుడు సేవ్ చేసే ఆప్షన్ మీద ఆధారపడితే విండోస్ ఫాస్ట్ స్టార్టప్ ఆపెయ్యండి. అది ఆన్‌లో ఉన్నప్పుడు షట్‌డౌన్ నిజమైన షట్‌డౌన్ కాదు, సేవ్ జరగకుండా పోయే వీలుంది.

ఇక డబ్బు సంగతి. ఖర్చు పెట్టే ఉద్దేశం ఉంటే నా వరస ఇలా ఉంటుంది. ఎఫిషియెన్సీ 100కి దిగువన ఉంటోందా, ముందు ర్యామ్‌ని 32 జీబీ చెయ్యండి. ఇప్పుడున్న 16 జీబీ ఒకే స్టిక్కా, రెండు 8లా అన్నది సీపీయూ-జెడ్ అనే ప్రోగ్రాంలో చూడండి. ఒకే స్టిక్ అయితే రెండోది పడగానే డ్యూయల్ ఛానల్ అయి మెమరీ దారి రెండింతలు వెడల్పవుతుంది. రెండు స్లాట్లే ఉండి రెండూ 8లతో నిండి ఉంటే పాతవి తీసి రెండు 16లు వెయ్యాలి, ఖర్చు ఎక్కువ. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా మండిపోతున్నాయి కాబట్టి సెకండ్ హ్యాండ్ డీడీఆర్4 కూడా చూడండి. సికింద్రాబాద్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లే వీలుంటే నాలుగు షాపులు తిరగండి, టెస్ట్ చేసి ఇస్తానన్నవాడి దగ్గరే తీసుకోండి. ఎఫిషియెన్సీ 100 ఉండి, ఎస్ఎస్‌డీ మాత్రం నిండిపోయి ఉంటే ర్యామ్ జోలికి పోకుండా 500 జీబీ ఎన్‌వీఎంఈ, అంటే సాటా కన్నా వేగమైన రకం ఎస్ఎస్‌డీ వేసుకోండి. పీసీఐఈ మూడో తరంది చాలు, సెకనుకు 3500 ఎంబీ దాకా ఇస్తుంది. నడుస్తున్న ఆల్బమ్‌లూ స్క్రాచ్ కూడా దాని మీదే. కొనేముందు మదర్‌బోర్డులో దాన్ని గుచ్చే ఎం.2 స్లాటు ఉందా, ఉంటే ఎన్‌వీఎంఈ తీసుకుంటుందా అన్నది ఖాయం చేసుకోండి, కొన్ని బోర్డుల్లో ఆ స్లాటు సాటా రకాన్నే తీసుకుంటుంది. యూపీఎస్ బ్యాటరీ ఎన్నాళ్ల కిందటిదో కూడా ఒకసారి చూసుకోండి, ఎందుకంటున్నానో పైన చదివారు.

రెండుసార్ల స్టాప్‌వాచ్ అంకెలు, ఎఫిషియెన్సీ శాతం, సీ డ్రైవ్‌లో ఖాళీ, మదర్‌బోర్డు మోడల్ ఈ నాలుగూ కింద రాయండి. ర్యామా, ఎన్‌వీఎంఈనా అన్నది అవి చూసి చెబుతాను.